తలుపు తీసి ఉంచిన పాఠం: కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఫూకో బుధవారాలు, ఒక కేస్ స్టడీ

యూనివర్సిటీ ఆచార్యుల చేత ఊళ్లో జనానికి ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పిద్దామని ఎక్కడ మాట వచ్చినా ముందు లేచే అనుమానం ఒకటే: జనం వస్తారా? పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో జనానికి చెప్పిన పాఠాల కేసు దానికి తిరగబడిన కేసు. జనం వచ్చారు. హాలు పట్టనంత మంది, ఏళ్ల తరబడి వచ్చారు. చెప్పే మనిషికి అదే పెద్ద చిక్కయింది. ఆయన ఆ చిక్కును దాచుకోకుండా పాఠంలోనే మాట్లాడాడు, విడిపించుకోవడానికి నాలుగు దారులు వెతికాడు. ఆ పాఠాలు టేపుల మీద మిగిలాయి కాబట్టి ఎక్కడ ఏం పనిచేసిందో, ఏం బెడిసిందో ఇవాళ చూడగలుగుతున్నాం. ఉపన్యాసాలు ఏర్పాటు చేసేవాళ్లకు విజయగాథలకన్నా ఇలాంటివే ఎక్కువ పనికొస్తాయి.

ముందు సంస్థ సంగతి. కొలేజ్ ద ఫ్రాన్స్ పారిస్ నడిబొడ్డున, సొర్బాన్ విశ్వవిద్యాలయం పక్కనే ఉంటుంది. గ్రీకు పండితుడు గియోమ్ బ్యుదే ప్రోద్బలంతో 1530లో మొదటి ఫ్రాన్స్వా రాజు కొందరు ఉపన్యాసకులను తన జీతం మీద నియమించాడు. అప్పటి పారిస్ విశ్వవిద్యాలయం పట్టించుకోని గ్రీకు, హీబ్రూ, గణితం చెప్పడం వాళ్ల పని. మొదట్లో వాళ్లకు సొంత భవనం కూడా లేదు. ఖచ్చితంగా చూస్తే ఇది విశ్వవిద్యాలయం కాదు. పరీక్ష లేదు, పట్టా లేదు, హాజరు పట్టీ లేదు. ఫీజు కట్టనక్కర్లేదు, పేరు రాయించుకోనక్కర్లేదు, చదువు ఎంతని అడిగేవాళ్లు లేరు. వచ్చినవాళ్లను అక్కడ విద్యార్థులు అనరు, శ్రోతలు అంటారు.

శ్రోతకు ఇంత స్వేచ్ఛ ఇచ్చిన నియమాలు ఆచార్యుడి విషయంలో మాత్రం గట్టిగా ఉంటాయి. ఫూకో కాలంలో ఏడాదికి 26 గంటలు చెప్పాలి. అందులో సగానికి మించకుండా సెమినార్‌గా పెట్టుకోవచ్చు. మన దగ్గర యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, ప్రొఫెసర్ 14 గంటలు క్లాసు చెప్పాలి. ఆ లెక్కలో 26 గంటలంటే రెండు వారాల పని కూడా కాదని నవ్వొస్తుంది. కానీ మెలిక ఇంకోచోట ఉంది. ఏటా చెప్పేది కొత్త పరిశోధనే కావాలి. నిరుటి నోట్సు తీసి దుమ్ము దులిపితే కుదరదు. ఏడాది అయ్యాక ఏం చెప్పాడో సంగ్రహంగా రాసి కొలేజ్ వార్షిక సంపుటికి ఇవ్వాలి. ఫూకో ఆ సంగ్రహాలను ఎక్కువగా జూన్ నెలలో రాసేవాడు.

పీఠాలు, అంటే ఒక్కో విషయానికి పెట్టిన ఆచార్య పదవులు, కూడా శాశ్వతం కావు. ఆచార్యుడు వెళ్లిపోతే ఆ పీఠం పేరు అక్కడితో ఆగవచ్చు, తర్వాతి మనిషి పనికి తగ్గట్టు కొత్త పేరు పుడుతుంది. ఐరోపాలో మొట్టమొదటి సంస్కృత పీఠం 1814లో ఇక్కడే, షేజీ అనే పండితుడి కోసం పుట్టింది. 1955లో పుదుచ్చేరిలో ఫ్రెంచ్ పరిశోధన సంస్థను నెలకొల్పిన ఝాఁ ఫిలియోజా కూడా ఈ కొలేజ్ ఆచార్యుడే. 1968లో తత్వవేత్త ఝాఁ ఇపొలిత్ చనిపోయాక ఆయన 'తాత్విక చింతన చరిత్ర' పీఠం స్థానంలో 'ఆలోచనా వ్యవస్థల చరిత్ర' అన్న పీఠాన్ని సృష్టించారు. 1970 ఏప్రిల్‌లో దానికి మిషెల్ ఫూకోను ఎన్నుకున్నారు. ఆయన ప్రారంభోపన్యాసం 1970 డిసెంబర్ 2న జరిగింది. 1977లో తీసుకున్న విరామం తప్ప, 1984 జూన్‌లో చనిపోయిన సంవత్సరం దాకా పాఠాలు సాగాయి.

హాలులో ఏం జరిగింది

జనవరి మొదట్లో మొదలై మార్చి ఆఖరు దాకా, ప్రతి బుధవారం. 1975 నాటికి సమయం సాయంత్రం 5:45. ఆ ఏడాది హాజరైన ఒక ఫ్రెంచ్ పత్రికా విలేఖరి రాసిన లెక్క ఇది: కుర్చీలు 300, మనుషులు 500. ఖాళీ జాగా అన్నది లేకుండా నేల మీద కూడా కూర్చున్నారు. ఫూకో లోపలికి రాగానే కుర్చీ చేరడానికి మనుషుల్ని దాటుకుంటూ వెళ్లాలి. కాగితాలు పెట్టుకోవడానికి బల్ల మీది క్యాసెట్ రికార్డర్లను పక్కకు జరపాలి. కోటు విప్పి, దీపం వేసుకుని, వెంటనే వేగంగా మొదలుపెట్టేవాడు. హాలులో వెలుతురు తక్కువ. ఆధునికం అనదగ్గవి లౌడ్‌స్పీకర్లు మాత్రమే. ఆ హాలు చాలక రెండో హాలు తెరిచి, మైకు గొంతును అక్కడికి పంపేవారు. 7:15కి ఆపేవాడు. ఆపగానే జనం బల్ల దగ్గరికి పరుగెత్తేవారు. అడగడానికి కాదు, తమ తమ రికార్డర్లు ఆపుకోవడానికి.

ప్రశ్నలు లేవు. ఫూకోకు గుచ్చుకున్నది అదే. పాఠం సరిగా సాగని రోజున ఒక్క ప్రశ్న చాలు దాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి, ఆ ఒక్కటీ రాదు అన్నది ఆయన గోడు. వందల మంది మధ్య ఒంటరిగా మిగిలిపోతున్నానని ఆ విలేఖరికే చెప్పుకున్నాడు.

ఎందుకిలా అయింది? తలుపు తీసి ఉంచడమే తప్పు అనుకోవడం తేలిక. జాగ్రత్తగా చూస్తే రెండు వేర్వేరు పనులు ఒకే గంటలో ఇరుక్కున్నాయి. మొదటిది, ప్రజల డబ్బుతో పరిశోధన చేస్తున్న మనిషి ఏం చేస్తున్నాడో ప్రజలకు లెక్క చెప్పడం. దీనికి ఎంతమంది వచ్చినా నష్టం లేదు, కూర్చోడానికి చోటు, వినడానికి శబ్దం ఉంటే చాలు. రెండోది, సగంలో ఉన్న ఆలోచనను పదిమంది ముందు పెట్టి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూసి దిద్దుకోవడం. ఇది 30, 40 మంది దాటితే జరగదు. మొదటి పనికి హాలు చిన్నదైంది. రెండో పనికి అదే హాలు మరీ పెద్దది.

ఇది ఆ భవనానికి కొత్త జబ్బేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు తత్వవేత్త ఆన్రీ బెర్గ్‌సన్ పాఠాలకూ ఇదే గతి. చోటు కోసం జనం ముందు గంటలో జరిగే అర్థశాస్త్ర పాఠానికి వచ్చి కూర్చునేవారు. పాపం ఆ అర్థశాస్త్ర ఆచార్యుడు హాలు నిండిందని మురిసిపోయాడో లేదో! సంపన్నులు నౌకర్లను పంపి కుర్చీలు ఆపించుకునేవారు. లోపల చోటు దొరకనివాళ్లు కిటికీలు పట్టుకుని వేలాడిన ఫొటో ఉంది. సీటుకు వెల లేనప్పుడు జనం కాలంతో వెల కడతారు. కాలం లేని ధనికుడు మనిషిని పెడతాడు.

నాలుగు మందులు

మొదటి మందు, వేళ మార్పు. 1976లో ఫూకో పాఠాన్ని సాయంత్రం 5:45 నుంచి ఉదయం తొమ్మిది ప్రాంతానికి మార్చాడు. విద్యార్థులు అంత పొద్దున్నే లేవలేరు కదా, కొంత పలచబడతారని ఆశ. ఆ సంగతి మొదటి పాఠంలోనే దాచకుండా చెప్పాడు. జనం పెద్దగా తగ్గలేదు. తగ్గినా అది మంచి మందు కాదు. వేళ మారిస్తే రానిది ఆసక్తి లేనివాడు కాదు, ఉద్యోగం ఉన్నవాడు. ప్రజల కోసం పెట్టిన పాఠానికి రావలసిందే వాళ్లు.

రెండో మందు, సెమినార్‌ను కొద్దిమందికి పరిమితం చేయడం. దీనికి కొలేజ్ నియమమే అడ్డొచ్చింది. అక్కడ చెప్పేది ఏదైనా అందరికీ తెరిచి ఉండాలి. అయినా మొదటి ఏళ్లలో సెమినార్ పనిచేసినంతగా పెద్ద పాఠం పనిచేయలేదు. 1835లో నార్మండీలో తల్లిని, చెల్లిని, తమ్ముణ్ని చంపిన ఒక రైతు యువకుడి కేసు కాగితాలను ఆ సెమినార్‌లో అందరూ కలిసి చదివారు. 1973లో అది పుస్తకంగా వచ్చింది, అందులో సెమినార్ సభ్యుల వ్యాసాలు ఉన్నాయి. చిన్న గదిలో విన్నవాళ్లు రాసేవాళ్లయ్యారు. పెద్ద హాలులో విన్నవాళ్లు క్యాసెట్ మార్చుకునేవాళ్లుగానే మిగిలారు.

మూడోది 1982లో. సెమినార్‌ను విడిగా పెట్టడం మానేసి, పాఠాన్నే రెండు గంటలు చేసి మధ్యలో చిన్న విరామం ఇచ్చాడు. విసుగొచ్చినవాళ్లు ఆ విరామంలో మొహమాటం లేకుండా వెళ్లిపోవచ్చు. మొదటి గంట విషయం విప్పడానికి, రెండో గంట వీలైనప్పుడు మూలగ్రంథం దగ్గరగా చదవడానికి. ఈ నాలుగింటిలో అరువు తెచ్చుకోదగ్గది ఇదే అని నా లెక్క. తలుపు మూయలేదు, ఎవరినీ పొమ్మనలేదు. గుంపు తనంతట తాను జల్లెడ పట్టుకునే వీలు ఇచ్చాడు.

నాలుగోది, సొంత పరిశోధన చేసుకుంటున్న శ్రోతలతో పాఠం బయట విడిగా కూర్చోవడం. చివరి ఏళ్లలోనూ దీని కోసం దారులు వెతుకుతూనే ఉన్నాడు.

క్యాసెట్ల కథ

బల్ల మీద అడ్డంగా ఉన్నాయని పక్కకు జరిపిన ఆ రికార్డర్లే ఈ పాఠాలను బతికించాయి. తన మరణానంతరం ప్రచురణలు వద్దని ఫూకో చెప్పి ఉన్నాడు. అయితే ఈ పాఠాలు బహిరంగంగా చెప్పినవి, జనం రికార్డు చేసుకున్నవి. ఆ వాదన ఆధారంగా 1997 నుంచి 2015 దాకా ఏడాదికో సంపుటం చొప్పున కాకపోయినా, వరుసగా అన్ని ఏళ్ల పాఠాలూ అచ్చయ్యాయి. నిర్వాహకులు గమనించాల్సింది అచ్చు సంగతి కాదు, అందులోని ఖాళీల సంగతి. మొదటి రెండేళ్లకు టేపులు దొరకలేదు, ఆ సంపుటాలు ఆయన చేతిరాత నోట్సు నుంచి కట్టాల్సి వచ్చింది. మిగతావాటిలోనూ అక్కడక్కడ మాట వినపడలేదనీ, రికార్డింగ్ తెగిందనీ సంపాదకులు సూచించాల్సి వచ్చింది. 90 నిమిషాల క్యాసెట్ 45 నిమిషాలకు తిప్పాలి. 120 నిమిషాలదైనా గంటకు తిప్పక తప్పదు. గంటన్నర పాఠంలో ఒక్క రికార్డర్ మీదే ఆధారపడితే వాదం మలుపు తిరిగే చోటే తెగవచ్చు. పాఠం పెట్టిన సంస్థ కాక వినడానికి వచ్చినవాళ్లు ఆ భారం మోశారన్నది మరిచిపోకూడదు. తర్వాతి కాలంలో కొలేజ్ తానే పాఠాలు చిత్రీకరించి ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడుతోంది.

మన దగ్గర ఈ పద్ధతి నడపాలంటే

ముందు అడగాల్సిన ప్రశ్న: ఏం చెప్పించాలి? సిలబస్ పాఠమైతే జనాన్ని హాలుదాకా రప్పించనక్కర్లేదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియోలు ఇంట్లో కూర్చుని చూడొచ్చు, అక్కడ వెనక్కి తిప్పుకునే సౌకర్యం కూడా ఉంది. మనిషి ఎదుట నిలబడి చెప్పాల్సింది ఇంకా పుస్తకానికెక్కని పని. ఒక్కొక్క వారం ఒక్కొక్క పెద్దమనిషి చొప్పున పన్నెండు మందిని పిలవడం మన అలవాటు. ఈ కేసులో పనిచేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: ఒకే ఆచార్యుడు, వారంలో ఒకే రోజు, ఒకే వేళ, ఒకే హాలు, మూడు నెలలు. మూడో వారానికి వినేవాడికి దారి అలవాటవుతుంది, చెప్పేవాడికి ముఖాలు గుర్తొస్తాయి. పన్నెండు వారాలు కష్టమైతే ఆరు పెట్టండి, నాలుగుకు తగ్గించొద్దు.

తర్వాత గేటు. కొలేజ్ ద ఫ్రాన్స్ తలుపు వీధిలోకి ఉంటుంది. మన యూనివర్సిటీలు వందల ఎకరాల ఆవరణలు. బయటివాడిని ఆపేది ఫీజు కాదు, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు అడిగే 'ఐడీ కార్డు ఉందా?' అన్న మాట. పోస్టర్ మీద 'అందరూ ఆహ్వానితులే' అని ఎంత పెద్ద అక్షరాల్లో వేసినా ఈ ఒక్క మాట దాన్ని కొట్టేస్తుంది. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సెక్యూరిటీ ఆఫీసర్‌కు అన్ని తేదీలతో ఒకే ఉత్తర్వు ముందే వెళ్లాలి, దాని నకలు గేటు గదిలో గోడకు అంటించి ఉండాలి, షిఫ్టు మారిన గార్డుకూ కనపడేట్టు. గేటు నుంచి హాలుకు బాణం గుర్తులు పెట్టాలి. పోస్టర్ మీద బస్సు నంబర్లు, గేటు నుంచి నడక ఎంతసేపో రాయాలి. హాలు ఊళ్లోనే, గ్రంథాలయంలోనో కాలేజీలోనో దొరికితే ఈ తంటా సగం తప్పుతుంది.

ఇక వేదిక. మన సభల్లో కాలం ఎక్కడ కారిపోతుందో అందరికీ తెలుసు. ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన, ఆహ్వానం, అధ్యక్షుల తొలిపలుకులు, వక్త పరిచయం, శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ: ఒక్కోదానికి ఐదు నిమిషాలు వేసుకున్నా 40 నిమిషాలు. గంటన్నరలో పాఠానికి మిగిలేది 50 నిమిషాలు, అదీ అధ్యక్షులు క్లుప్తంగా మాట్లాడితే. వారం వారం జరిగే వరుసకు ఇది ప్రాణాంతకం. మొదటి రోజున సన్మానాలన్నీ ఒక్కసారి ముగించేయాలి. రెండో వారం నుంచి వేదిక మీద ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక దీపం. పరిచయం కరపత్రంలో ఉంటుంది.

గడియారం ఇలా పెట్టుకోవచ్చు: 55 నిమిషాల పాఠం, 10 నిమిషాల విరామం, 35 నిమిషాల రెండో భాగం. ఉద్యోగస్తులు రావాలంటే సాయంత్రం ఆరు తర్వాతో, ఆదివారం పొద్దునో. ప్రశ్నల కోసం 300 మందిలోకి మైకు వదిలితే ఏమవుతుందో తెలిసిందే, మొదట అందుకున్నవారు ప్రశ్న పేరుతో రెండో ఉపన్యాసం ఇస్తారు. బదులుగా కుర్చీల మీద చిన్న చీటీలు, కొన్ని పెన్సిళ్లు పెట్టాలి. విరామంలో చీటీలు పోగుచేసి, విషయం తెలిసిన ఒక జూనియర్ అధ్యాపకుడు వాటిని కలిపి ఐదారు ప్రశ్నలుగా చేసి ఆచార్యుడికి ఇవ్వాలి. సిగ్గుపడేవాళ్లు కూడా చీటీ రాస్తారు. ఒకే చోట పదిమంది తడబడితే అది పాఠంలో లోపమని ఆచార్యుడికీ ఆ సాయంత్రమే తెలుస్తుంది. ఫూకోకు దొరకనిది సరిగ్గా ఇదే.

పాఠం అయిన మర్నాడో, రెండు రోజులకో ఒక చిన్న గది, 30 కుర్చీలు. పేరు నమోదు వద్దు, ఒక షరతు చాలు: ముందుగా ఇచ్చిన పది పేజీలు చదివి రావాలి. ఈ షరతు తాళం కన్నా బాగా పనిచేస్తుంది.

శబ్దం విషయంలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. పొడుగాటి హాలులో వెనక వరుసల కోసం అదనపు స్పీకర్లు పెట్టి, వాటికి ఆలస్యం సరిచేయకపోవడం మొదటిది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ముందు స్పీకర్ నుంచి 20 మీటర్ల వెనక ఉన్న స్పీకర్‌కు దాదాపు 58 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టకపోతే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపించి, పావుగంటలో తలనొప్పి వస్తుంది. రెండోది, రెండో గదికి గొంతు మాత్రం పంపి బోర్డు పంపకపోవడం. ఫూకో బోర్డు మీద ఆధారపడేవాడు కాదు కాబట్టి నడిచింది. గణితం, భౌతికశాస్త్రం అయితే గొంతు ఒక్కటే దండగ. రెండో గదికి కెమెరా, తెర లేకపోతే ఆ గది తెరవొద్దు. నడవల్లో మాత్రం ఎవరినీ కూర్చోబెట్టకూడదు. 300 కుర్చీల్లో 500 మంది అన్నది వినడానికి గొప్పగా ఉంటుంది, కరెంటు షార్ట్ సర్క్యూట్ అయిన రోజున ఉండదు.

రికార్డింగ్ మొదటి రోజే మొదలవ్వాలి. మిక్సర్ నుంచి నేరుగా ఒక రికార్డర్‌కు, బల్ల మీద విడిగా బ్యాటరీతో నడిచే ఇంకొకటి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో 90 నిమిషాలకు దాదాపు 520 మెగాబైట్లు అవుతుంది, ఇవాళ అదొక బరువు కాదు. రాత్రికే రెండు చోట్ల కాపీ పెట్టాలి. ఒక గంట మాటను టైపు చేయడానికి అలవాటున్న మనిషికే ఐదారు గంటలు పడుతుందని ముందే లెక్క వేసుకోవాలి. ఎక్కువ పథకాలు ఇక్కడే ఆగిపోతాయి. టైపు కుదరకపోయినా, ఆచార్యుడి చేత వారంలోపు రెండు పేజీల సంగ్రహం రాయించుకోవాలి. ప్రచురణ హక్కు ఎవరిదో, వీడియో పెట్టొచ్చో లేదో మొదటి పాఠానికి ముందే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఫూకో వారసులకు వచ్చిన ధర్మసందేహం మనకు రానక్కర్లేదు.

చివరగా భాష. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ 1597 నుంచి ఉచిత ఉపన్యాసాలు ఇప్పిస్తోంది. మొదట్లో ఒకే పాఠాన్ని రెండుసార్లు చెప్పేవారు, పండితుల కోసం లాటిన్‌లో, ఊళ్లోవాళ్ల కోసం ఇంగ్లీషులో. మన ఆచార్యులకు ఇప్పుడు ఇంగ్లీషు లాటిన్ స్థానంలో ఉంది. తెలుగులో చెప్పమంటే చాలామంది క్రియాపదాలు మాత్రం తెలుగులో చెబుతారు. పాఠాన్ని రెండుసార్లు చెప్పించే ఓపిక లేకపోతే కనీసం ఒక పని చేయొచ్చు. ఆ వారం వాడబోయే పది పన్నెండు పారిభాషిక పదాలను, ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో, పక్కన రెండు వాక్యాల తెలుగు వివరణతో ఒక పేజీ మీద అచ్చువేసి కుర్చీల మీద పెట్టాలి. ఆ పేజీ ఆచార్యుడే రాయాలి. రాస్తున్నప్పుడే తనకు ఏ మాట తెలుగులో విప్పి చెప్పడం రావడం లేదో ఆయనకు తెలిసిపోతుంది.

అయిదో వారానికి వచ్చేవాళ్లు 60కి పడిపోతే కంగారుపడి ఎస్సెమ్మెస్‌లు పంపించి, హాస్టళ్ల నుంచి పిల్లల్ని తోలుకొచ్చి కుర్చీలు నింపొద్దు. 80 మంది పట్టే గది వెతికి, పాత హాలు తలుపు మీద కొత్త గది నంబరు అంటించి, అక్కడ ఒక మనిషిని పావుగంట సేపు నిలబెట్టండి, ఆలస్యంగా వచ్చేవాళ్లకు దారి చూపడానికి.